బూమ్ లిఫ్ట్, సిజర్ లిఫ్ట్ ఎక్కే ముందు: తనిఖీ, మెయింటెనెన్స్‌లకు సమగ్ర మార్గదర్శి

ఎత్తులో పనికి నిచ్చెనలు, పరంజాలు వాడిన చాలా చోట్ల ఇప్పుడు మోటారుతో లేచే ప్లాట్‌ఫారాలు వాడుతున్నారు. నిటారుగా పైకి లేచేది సిజర్ లిఫ్ట్. చెయ్యి చాచినట్టు పైకీ పక్కకీ వెళ్లేది బూమ్ లిఫ్ట్. రెండింటిలోనూ ఉన్న పెద్ద చిక్కు ఒక్కటే: ప్రాణం కాపాడే భాగాలు పాడైపోయినా మెషిన్ మామూలుగానే నడుస్తుంది. మెషిన్ ఒరుగును పసిగట్టే టిల్ట్ సెన్సార్ పనిచేయకపోయినా ప్లాట్‌ఫారం లేస్తుంది. కింది నుంచి దించే అత్యవసర వాల్వ్ తుప్పు పట్టి బిగుసుకుపోయినా, అది అవసరమయ్యే రోజు దాకా ఎవరికీ తెలియదు. అందుకే "బాగానే నడుస్తోంది కదా" అనే మాటకు ఈ తనిఖీలో విలువ లేదు. ప్రతి రక్షణ పరికరాన్నీ ఒకసారి పని చేయించి, అది ఆపాల్సిన చోట మెషిన్‌ని నిజంగా ఆపిందా లేదా అని చూడాలి. ఈ మార్గదర్శి అంతా దాని చుట్టూనే ఉంటుంది.

ఈ మెషిన్లతో జరిగే ఘోర ప్రమాదాలు ఎక్కువగా కొన్ని రకాలే. మనిషి బాస్కెట్ (పైన నిలబడే తొట్టి) లోంచి కింద పడటం, మెషిన్ మొత్తంగా పక్కకి ఒరిగిపోవడం, కరెంటు తీగ తగలడం, పైనున్న దూలానికీ రెయిలింగ్‌కీ మధ్య మనిషి నలిగిపోవడం. ఉక్కు చేయి పుటుక్కున విరిగే సంఘటనలు వీటితో పోలిస్తే అరుదు. అంటే ప్రమాదంలో సగం మెషిన్లో ఉంటే, సగం అది నిలబడే నేలలో, దాని చుట్టూ ఉన్న చోటులో ఉంటుంది. తనిఖీ కూడా రెండింటికీ జరగాలి.

ముందుగా మీ మెషిన్ ఏ కోవదో తెలుసుకోండి

అంతర్జాతీయంగా వీటిని గ్రూపులుగా, టైపులుగా విడదీశారు. ప్లాట్‌ఫారం చక్రాల హద్దు దాటి బయటికి రాకపోతే గ్రూప్ ఏ. హద్దు దాటి పక్కకు చాచగలిగితే గ్రూప్ బీ. టైప్ 1 అయితే ప్లాట్‌ఫారం పూర్తిగా దించి మడిచాకే మెషిన్‌ని కదిలించాలి. టైప్ 2, 3 అయితే ప్లాట్‌ఫారం పైకి లేచి ఉన్నా కదిలించవచ్చు. టైప్ 2 లో ఆ కంట్రోల్ కింద ఛాసిస్ (చక్రాల మీది అడుగు ఫ్రేము) దగ్గర ఉంటుంది, టైప్ 3 లో పైన ప్లాట్‌ఫారం మీద ఉంటుంది. సాధారణంగా కనిపించే సిజర్ లిఫ్ట్ 3ఏ, తనంతట తాను నడిచే బూమ్ లిఫ్ట్ 3బీ, లారీ మీదో ట్రెయిలర్ మీదో అమర్చిన బూమ్ 1బీ. ఆపరేటర్‌కి ఒక కోవలో శిక్షణ ఉన్నంత మాత్రాన ఇంకో కోవ మెషిన్ ఇచ్చేయకూడదు. సిజర్ లిఫ్ట్ మీద చేయి తిరిగిన మనిషి కూడా బూమ్ చివర ఊగే బాస్కెట్లో మొదటిసారి నిలబడితే తడబడతాడు.

ఎవరు, ఎప్పుడు చూడాలి

తనిఖీలో మూడు అంచెలు ఉంటాయి. ప్రతి షిఫ్ట్ మొదట్లో ఆపరేటర్ చేసేది మొదటిది. మెషిన్ తెలిసిన మెకానిక్ నిర్ణీత వ్యవధిలో చేసేది రెండోది. ఏడాదికోసారి, లేదా చట్టం చెప్పిన గడువులో, అర్హత ఉన్న మనిషి చేసే పూర్తి పరీక్ష మూడోది. అమెరికా ప్రమాణాల సంస్థ ఏఎన్ఎస్ఐ వారి ఏ92.22 ప్రమాణం రెండో అంచెకు మూడు నెలలు లేదా 150 గంటల పని, ఏది ముందొస్తే అది అంటుంది. ఏడాది పరీక్షకు, కిందటి పరీక్ష నుంచి 13 నెలలు దాటకూడదంటుంది. బ్రిటన్లో 1998 నాటి లిఫ్టింగ్ పరికరాల నిబంధనల ప్రకారం మనుషుల్ని ఎత్తే యంత్రానికి సాధారణంగా ఆరు నెలలకోసారి సమగ్ర పరీక్ష తప్పనిసరి. మీరున్న చోట చట్టం ఏం చెబితే అది పాటించాలి. దానితో పాటు తయారీదారు మాన్యువల్ అంతకంటే తక్కువ గడువు పెడితే మాన్యువల్ మాటే చెల్లుతుంది.

ఈ గడువులు కాక, మెషిన్ దేనినైనా గట్టిగా గుద్దుకున్నా, పరిమితికి మించి బరువు ఎక్కినా, ఎక్కువ కాలం వాడకుండా పక్కన పెట్టినా, రవాణాలో వచ్చి దిగినా మళ్లీ చూడాలి. రవాణా సంగతి చాలామంది పట్టించుకోరు. లారీ మీద గొలుసులతో బిగించి తెచ్చే దారిలో హోస్‌లు (నూనె గొట్టాలు) నలగడం, రెయిలింగ్ వంగడం, లిమిట్ స్విచ్ (కదలిక హద్దును పసిగట్టే స్విచ్) చేతులు వంకరపోవడం మామూలే.

1. కాగితాలు, ప్లేటు

ఇది రెండు నిమిషాల పని. మెషిన్ మీదుండే పెట్టెలో మాన్యువల్ ఉందా, అది ఈ మోడల్‌దేనా చూడండి. డేటా ప్లేటు చదవడానికి వీలుగా ఉండాలి: ఎన్ని కిలోలు, ఎంతమంది, ఎంత గాలి వేగం, ఎంత వాలు. ప్లేటు మీద రంగు పూసేసి ఉంటే ఆ అంకెలు మెషిన్‌కి ఉన్నా లేనట్టే. కిందటి సమగ్ర పరీక్ష తేదీ చూడండి. ఆ తర్వాత లాగ్ బుక్‌లో నిన్నటి షిఫ్ట్ వాళ్లు రాసింది చదవండి. వారం రోజులుగా ప్రతి పేజీలో వరుసగా టిక్కులే ఉండి, ఒక్క మాట కూడా రాసి లేకపోతే అనుమానించాల్సిందే. రోజూ వాడే మెషిన్లో వారానికి ఒక్క చిన్న లోపమైనా కనపడకుండా ఉండదు.

2. చుట్టూ తిరిగి చూడటం

మెషిన్‌ని కదిలించక ముందే కిందికి వంగి నేల చూడండి. రాత్రంతా నిలిచిన చోట నూనె మరక ఉంటే అది దేని కింద ఉందో ఇప్పుడే తెలుస్తుంది. ఒకసారి కదిలించాక ఆ ఆనవాలు పోతుంది. తర్వాత ఒక మూల నుంచి మొదలుపెట్టి, ప్రతి రోజూ ఒకే దిశలో తిరగండి. రోజుకో వైపు నుంచి మొదలుపెడితే ఏదో ఒక పక్క మిస్ అవుతుంది.

చక్రాలు: కోతలు, చీలికలు, పొట్ట ఉబ్బడం చూడాలి. చాలా బూమ్ లిఫ్టుల్లో టైర్లలో గాలికి బదులు ఫోమ్ నింపి ఉంటుంది. ఆ ఫోమ్ బరువు కూడా మెషిన్ ఒరగకుండా నిలబెట్టే లెక్కలో భాగమే. ఫోమ్ టైరు పోయిందని అదే సైజు గాలి టైరు వేయడం బయటికి చిన్న మార్పులా కనిపిస్తుంది కానీ, మెషిన్ స్థిరత్వం మారిపోతుంది. తయారీదారు ఒప్పుకున్న టైరే వేయాలి. నట్లు సరిగ్గా బిగించాక, నట్ మీదుగా రిమ్ దాకా ఒక రంగు గీత గీసి పెట్టించండి. నట్ వదులై తిరిగితే గీత తెగినట్టు కనిపిస్తుంది. చేత్తో ముట్టుకోకుండానే తెలిసిపోతుంది.

హోస్‌లు: వంపుల దగ్గర, బిగింపు పట్టీల దగ్గర ఎక్కువగా అరుగుతాయి. పై రబ్బరు పోయి లోపలి తీగ అల్లిక కనిపిస్తే ఆ హోస్ మార్చాల్సిందే, టేపు చుట్టడం మరమ్మతు కాదు. ఇక్కడ ఒక్క విషయం ఎంత గట్టిగా చెప్పినా తక్కువే: కారుతున్న చోటు కోసం చేత్తో తడమవద్దు. హైడ్రాలిక్ లైన్లో ఒత్తిడి 200 బార్ దాకా, ఒక్కోసారి అంతకంటే ఎక్కువగా ఉంటుంది. సూది మొనంత చిల్లు లోంచి వచ్చే నూనె కంటికి కనపడనంత సన్నగా ఉండి, గ్లౌజు తోపాటు చర్మాన్ని కూడా చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినంత గాటే కనిపిస్తుంది, మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండదు. మనిషి తుడుచుకుని పనిలో పడిపోతాడు. గంటల్లో లోపలి కణజాలం కుళ్లడం మొదలై వేలు, ఒక్కోసారి చెయ్యి కూడా తీసేయాల్సి వస్తుంది. అనుమానం ఉన్నా సరే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి, ఒత్తిడితో హైడ్రాలిక్ ఆయిల్ లోపలికి పోయిందని డాక్టర్‌కి స్పష్టంగా చెప్పాలి. కారుతున్న చోటు వెతకడానికి దళసరి అట్టముక్కను దూరం నుంచి ఆడించండి. మరక అట్ట మీద పడుతుంది.

వెల్డింగు అతుకులు: ఉక్కులో పగులు వచ్చిందంటే మొదట రంగు మీద వెంట్రుకంత గీత కనిపిస్తుంది. ఆ గీత వెంట ఎర్రటి తుప్పు నీరు కారిన జాడ ఉంటే అది కేవలం రంగు పగులు కాదని దాదాపు ఖాయం. బూమ్ మొదట్లో పిన్ను ఉన్న చోటు, బాస్కెట్ కింది ఫ్రేము, రెయిలింగ్ పాదాలు, హార్నెస్ (ఒంటికి కట్టుకునే రక్షణ పట్టీలు) తగిలించే కొక్కేల చుట్టూ, ఈ నాలుగు చోట్లూ గుడ్డతో తుడిచి, టార్చి పక్క నుంచి వాలుగా వేసి చూడండి. వెలుగు ఎదురుగా పడితే పగులు కనపడదు, పక్కనుంచి పడితే దాని నీడ కనిపిస్తుంది. బురద, పెయింటు గడ్డకట్టిన మెషిన్‌ని తనిఖీ చేశామనడంలో అర్థం లేదు. ముందు కడగాలి. అలాగని హై ప్రెషర్ నీటిని కంట్రోల్ బాక్సు మీదికో సెన్సార్ల మీదికో కొట్టకండి.

పిన్నులు, వాటిని పట్టి ఉంచే ప్లేట్లు, బోల్టులు ఉన్నాయా చూడండి. పోయిన బోల్టు స్థానంలో ఎవరైనా మేకో, కడ్డీ ముక్కో దూర్చి ఉండవచ్చు. సిజర్ లిఫ్ట్‌కి కింద రెండు పక్కలా పాట్‌హోల్ గార్డులు ఉంటాయి. ప్లాట్‌ఫారం లేచినప్పుడు ఇవి నేలకు దగ్గరగా దిగి, చక్రం గుంతలో పడ్డా మెషిన్ ఒరగకుండా ఆపుతాయి. వాటి సందులో చెత్త, గట్టిపడిన కాంక్రీటు ఇరుక్కుంటే దిగవు. బాస్కెట్ తలుపు దానంతట అదే మూసుకోవాలి. తలుపును తాడుతో తెరిచి కట్టేసి ఉంటే, కట్టు విప్పి, కట్టినవాళ్లెవరో కనుక్కోండి.

సిజర్ చేతుల మధ్య తల, చెయ్యి పెట్టాల్సి వస్తే ముందు అవి కిందికి దిగకుండా ఆపే సేఫ్టీ ప్రాప్ నిలబెట్టాలి. బాస్కెట్ ఖాళీగా ఉండాలి. "ఒక్క నిమిషం పనే కదా" అన్నప్పుడే ఎక్కువ ముప్పు.

3. నూనె, బ్యాటరీ

హైడ్రాలిక్ ఆయిల్ మట్టం ప్లాట్‌ఫారం పూర్తిగా దించి, మడిచిన స్థితిలోనే చూడాలి. పైకి లేచి ఉన్నప్పుడు నూనె సిలిండర్లలోకి వెళ్లి ట్యాంకులో తక్కువగా కనిపిస్తుంది. అది చూసి నింపేస్తే, దించగానే పొంగుతుంది. నూనె పాలలా తెల్లబడితే నీళ్లు చేరాయి, నల్లబడి కాలిన వాసన వస్తే బాగా వేడెక్కింది.

లెడ్ యాసిడ్ బ్యాటరీలకు డిస్టిల్డ్ వాటర్ పూర్తి ఛార్జింగ్ అయ్యాక పోయాలి. ఛార్జింగ్‌కి ముందు ప్లేట్లు బయటపడి ఉంటే అవి మునిగేంత మాత్రం పోస్తే చాలు. పూర్తిగా ఛార్జ్ అయిన సెల్లో ఆమ్ల సాంద్రత దాదాపు 1.27 ఉంటుంది. ఒక సెల్ మిగతావాటి కంటే 0.05 తక్కువ చూపిస్తే ఆ బ్యాటరీ పోతోందని అర్థం. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వెలువడుతుంది, గాలిలో అది 4 శాతం చేరితే నిప్పురవ్వకు పేలుతుంది. గాలి ఆడే చోటే ఛార్జ్ చేయండి, దగ్గర్లో గ్రైండింగ్, వెల్డింగ్ వద్దు. బ్యాటరీలను తేలికవాటితో మార్చకండి. చాలా సిజర్ లిఫ్టుల్లో అవి కూడా సమతూకంలో భాగమే.

4. కింది కంట్రోళ్ల నుంచి పరీక్ష

ఇప్పటిదాకా కళ్లతో చూశాం. తనిఖీలో ఎక్కువ సమయం ఇవ్వాల్సింది ఇక్కడి నుంచే. బాస్కెట్లో ఎవరూ లేకుండా, పైన అడ్డం లేని చదును నేల మీద ఈ వరుసలో చేయండి.

తాళం గ్రౌండ్ కంట్రోల్ వైపు తిప్పండి. ప్లాట్‌ఫారాన్ని కొద్దిగా లేపుతూ ఎరుపు ఎమర్జెన్సీ స్టాప్ నొక్కండి. అన్నీ అక్కడికక్కడే ఆగాలి. నొక్కి ఉంచి ప్రతి లివర్నీ మళ్లీ ఆడించి చూడండి, ఏ ఒక్కటీ కదలకూడదు. బటన్ వదిలాక ప్రతి కదలికనూ రెండు వైపులా చేయించండి. పైకీ కిందికీ, చాపడం ముడవడం, తిప్పడం. లివర్ వదలగానే అది మధ్యకు వచ్చి మెషిన్ ఆగాలి. కుదుపులు, కొత్త చప్పుడు, ఆగాక కూడా జారడం, ఈ మూడింటి మీద చెవి, కన్ను పెట్టండి.

తర్వాత అత్యవసర డౌన్. సిజర్ లిఫ్టుల్లో ఇది సాధారణంగా కింద ఉండే నాబ్ లేదా లాగే కేబుల్. బూమ్ లిఫ్టుల్లో ఎక్కువగా ప్రత్యేక బ్యాటరీతో నడిచే సహాయక పంపు. ప్లాట్‌ఫారాన్ని ఒకటి రెండు మీటర్లు లేపి, ఇంజను లేదా మెయిన్ పవర్ ఆపేసి, దీనితోనే కిందికి దించండి. రోజూ చేయండి. ఆపరేటర్ పైన స్పృహ తప్పినప్పుడో, పైనుంచి ఇరుక్కుపోయినప్పుడో మిగిలే దారి ఇదొక్కటే. దాన్ని చివరిసారి ఎప్పుడు కదిలించారో తెలియని సైట్లు చాలా ఉంటాయి.

టిల్ట్ సెన్సార్ పరీక్ష ప్రతి మోడల్‌కీ వేరు, మాన్యువల్లో ఉంటుంది. చాలా సిజర్ లిఫ్టులకు ఒక పక్క చక్రాల కింద మాన్యువల్ చెప్పిన మందం చెక్కలు పెట్టి, ప్లాట్‌ఫారం ఖాళీగా లేపమంటారు. నిర్ణీత ఎత్తులో అలారం మోగి, పైకి లేవడం ఆగాలి. ఈ లిఫ్టుల్లో అనుమతించే వాలు చాలా తక్కువ. పక్కకు 1.5 డిగ్రీలు, ముందువెనుకలకు 3 డిగ్రీలు అనే అమరిక తరచుగా కనిపిస్తుంది. కంటికి చదునుగానే కనిపించే నేల కూడా ఈ హద్దు దాటి ఉండవచ్చు. అందుకే అలారం అనవసరంగా మోగుతోందని సెన్సార్ తీగ పీకేసే ముందు ఒక లెవెల్ తెచ్చి నేల మీద పెట్టి చూడమనండి.

బరువు సెన్సార్ కచ్చితత్వాన్ని రోజూ బరువులు ఎక్కించి పరీక్షించక్కర్లేదు. అది తూకం తెలిసిన బరువులతో మెకానిక్ చేసే పని. రోజూ చూడాల్సింది దాని హెచ్చరిక దీపం స్టార్ట్ చేయగానే వెలిగి ఆరుతోందా, ఎవరైనా దాన్ని బైపాస్ చేశారా అన్నదే.

5. పైనుంచి పరీక్ష

కింది పరీక్ష పాసైతేనే ఎక్కండి. బూమ్ లిఫ్టయితే ఫుట్ స్విచ్ మీద కాలు పెట్టకుండా లివర్ నొక్కి చూడండి, ఏదీ కదలకూడదు. పక్కన ఇటుక ముక్కో, చెక్కో ఉంటే దాని అంచు గమనించండి. పెడల్ సందు కొలతకు సరిగ్గా అరిగి ఉంటే, అది రోజూ ఎక్కడ ఉంటోందో ఇక అడగక్కర్లేదు. కాలు నొప్పి పుడుతోందని పెడల్‌ని అలా నొక్కిపెట్టి పనిచేసేవాళ్లు ఉంటారు. వాళ్లను తిట్టి వదిలేస్తే మర్నాడు ఇంకో చెక్క వస్తుంది. పెడల్ స్ప్రింగ్ మరీ గట్టిగా ఉందా, షిఫ్ట్ మధ్యలో మనిషిని మార్చడం లేదా అని కూడా చూడాలి.

పై ఎమర్జెన్సీ స్టాప్, హారన్, స్టీరింగ్, బ్రేకు చూడండి. ప్లాట్‌ఫారం కాస్త పైకి లేచాక డ్రైవింగ్ వేగం దానంతటదే తగ్గాలి. కింద ఉన్నప్పటి వేగంతోనే పోతోందంటే లిమిట్ స్విచ్ పనిచేయడం లేదని అర్థం. సిజర్ లిఫ్టయితే లేపుతున్నప్పుడు కిందనున్న మనిషి పాట్‌హోల్ గార్డులు రెండూ పూర్తిగా దిగాయని చెప్పాలి. మెషిన్ పక్కన మోకాలి మీద కూర్చుని చూస్తే ఒక గార్డు దిగి, రెండోది సగంలో ఆగిన సందర్భాలు తెలుస్తాయి. పైనుంచి అది కనపడదు.

6. నేల, గాలి, తీగలు, పైకప్పు

మెషిన్ ఎంత బాగున్నా కింద నేల దిగబడితే అంతే. బూమ్‌ని పక్కకు చాచినప్పుడు మెషిన్ బరువులో అధికభాగం ఒకే చక్రం మీదికి రావచ్చు. ఒక్కో చక్రం మీద పడే గరిష్ఠ భారం మాన్యువల్లో ఉంటుంది. దాన్ని శ్లాబు మోయగలదా అన్నది సివిల్ ఇంజనీరు చెప్పాలి, ఆపరేటర్ ఊహించకూడదు. వెళ్లే దారంతా ముందు నడిచి చూడండి. మ్యాన్‌హోల్ మూతలు, ఈమధ్యే తవ్వి పూడ్చిన గుంతలు, నేలమాళిగ పైకప్పులు, వాన తర్వాత మెత్తబడిన మట్టి. తవ్విన గోతి అంచుకు, అది ఎంత లోతుంటే కనీసం అంత దూరంలో ఉండటం మంచి లెక్క. మట్టి వదులుగా ఉంటే ఇంకా దూరం. అవుట్‌రిగ్గర్లు (మెషిన్ ఒరగకుండా పక్కలకు చాచే కాళ్లు) ఉంటే వాటి కింద సరైన ప్యాడ్లు వేయండి.

గాలి విషయంలో చాలామందికి అపోహ ఉంటుంది. బయట వాడటానికి తయారైన మెషిన్లలో ఎక్కువ వాటికి పరిమితి సెకనుకు 12.5 మీటర్లు, అంటే గంటకు 45 కిలోమీటర్లు. లోపల మాత్రమే వాడే మోడళ్లకు ఈ అంకె సున్నా. తలుపులు లేని, కట్టడం సగంలో ఉన్న భవనంలో గాలి సొరంగంలా వీస్తుంది. అక్కడ సున్నా మెషిన్ వాడకూడదు. గాలి తోపు దాని వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది: 6 మీటర్ల నుంచి 12 మీటర్లకు చేరితే తోపు రెండింతలు కాదు, నాలుగింతలు. నేల మీద కంటే పైన గాలి ఎక్కువ. అందుకని గాలి వేగం కొలిచే అనిమోమీటర్‌ని బాస్కెట్ ఎత్తులో పట్టుకుని కొలవాలి. బాస్కెట్లో రేకులు, బ్యానర్లు, పెద్ద బోర్డులు ఉంటే అవి తెరచాపలే. వాటితో ప్లేటు మీది పరిమితి కూడా చెల్లదు.

కరెంటు తీగలకు దూరం ఎంతన్నది దేశాన్ని బట్టి, వోల్టేజిని బట్టి మారుతుంది. అమెరికాలో 50 కిలోవోల్టుల దాకా కనీసం 10 అడుగులు, అంటే దాదాపు 3 మీటర్లు అని నిబంధన. ఎక్కువ మెషిన్లకు ఇన్సులేషన్ ఉండదు, రబ్బరు టైర్లు కాపాడతాయనుకోవడం పొరపాటు. కాబట్టి తీగల దగ్గర పనుంటే ముందు విద్యుత్ సంస్థతో మాట్లాడి లైన్ ఆఫ్ చేయించడమే సరైన పద్ధతి. బూమ్ ఊగుతుంది, తీగ కూడా ఊగుతుంది. దూరం లెక్కలో ఆ రెండు ఊపులూ కలపాలి.

దూలాలు, పైపులు, శ్లాబు కింద పనిచేసేటప్పుడు నలిగిపోయే ప్రమాదం ఎక్కువ. మనిషి కంట్రోల్ పానెల్ మీదికి వాలిపోతే, అతని శరీరమే లివర్‌ని నొక్కి ఇంకా పైకి లేపుతుంది. ఇలాంటి చోట్ల పానెల్ మీద ఒత్తిడి పడగానే మెషిన్‌ని ఆపే అదనపు రక్షణ ఉన్న మోడల్ ఎంచుకోండి. అది ఉంటే రోజూ దాన్ని కూడా చేత్తో నొక్కి పరీక్షించండి.

7. హార్నెస్

బూమ్ లిఫ్టులో హార్నెస్ తప్పనిసరి. చక్రం ఒక చిన్న మెట్టు దిగినా, బూమ్ చివర ఉన్న బాస్కెట్ ఒక్కసారిగా పైకి విసిరినట్టు ఊగి మనిషిని రెయిలింగ్ మీంచి బయటికి నెట్టేయగలదు. హార్నెస్‌ని కొక్కేనికి కలిపే తాడు, అంటే లాన్యార్డ్, పొట్టిగా, బాస్కెట్ దాటి పడనివ్వనంత పొడవుకు సరిచేసి ఉండాలి. తయారీదారు గుర్తించిన కొక్కేనికే తగిలించాలి, రెయిలింగ్‌కి కాదు, పక్కనున్న కట్టడానికి అసలే కాదు. కట్టడానికి కట్టుకుని ఉండగా మెషిన్ కదిలితే ఏమవుతుందో ఊహించండి. సిజర్ లిఫ్టుల్లో రెయిలింగే ప్రధాన రక్షణ. హార్నెస్ కావాలా అన్నది మాన్యువల్, సైట్ ప్రమాద అంచనా చెబుతాయి. పట్టీల అంచు కుట్లను వేళ్ల మధ్య వంచి చూడండి. తెగిన పోగులు, వెల్డింగు నిప్పురవ్వలకు గట్టిపడిన మచ్చలు అప్పుడే బయటపడతాయి.

8. లోపం కనపడితే

తాళం చెవి తీసేయండి, "వాడవద్దు" అనే ట్యాగ్ వేయండి, లాగ్ బుక్‌లో రాయండి. "సరిగా లేదు" అని రాస్తే మెకానిక్‌కి ఏమీ తెలియదు. "ఎడమ ముందు చక్రం దగ్గర స్టీరింగ్ హోస్ బిగింపు వద్ద నూనె చెమ్మ, పది నిమిషాలకో చుక్క" అని రాస్తే నేరుగా అక్కడికే వస్తాడు. రక్షణ పరికరంలో లోపమైతే "ఈ ఒక్క పనికి" అనే మినహాయింపు ఉండకూడదు. పని ఆగిపోతుందనే టెన్షన్‌లో సూపర్వైజర్ ఒత్తిడి పెడతాడు, అది సహజమే. అందుకే ఆపరేటర్ ట్యాగ్ వేశాక, మెకానిక్ సంతకం లేకుండా దాన్ని ఎవరూ తీయకూడదనే నియమం ముందే రాసి పెట్టుకోవాలి. లోపం కనిపెట్టిన రోజున ఆ నియమం కోసం వాదించడానికి టైమ్ ఉండదు.

9. మెకానిక్ పని

రోజువారీ తనిఖీలో కనపడనివి ఇక్కడ ఉంటాయి. చాచే బూమ్‌లలో లోపలి భాగాలను లాగే గొలుసులు లేదా వైర్ రోప్‌లు ఉంటాయి. వాటి సాగుదల, తెగిన పోగులు కొలవాలి. బూమ్ భాగాల మధ్య రాపిడిని భరించే వేర్ ప్యాడ్‌లు అరిగితే చివర ఆట ఎక్కువవుతుంది. బూమ్‌ని తిప్పే స్లూ రింగ్ బోల్టులను మాన్యువల్ చెప్పిన టార్క్ (బిగింపు బలం) తోనే చూడాలి, చేతి అంచనాతో కాదు.

సిలిండర్ నిలబడుతోందా అన్న పరీక్ష ముఖ్యం. హోస్ పగిలినా బూమ్ ఒక్కసారిగా కూలకుండా ఆపే లోడ్ హోల్డింగ్ వాల్వ్‌లు సిలిండర్ల మీదే ఉంటాయి. వాటి సీటు అరిగితే ప్లాట్‌ఫారం నెమ్మదిగా కిందికి జారుతుంది. మాన్యువల్ చెప్పిన బరువు పెట్టి, సిలిండర్ కడ్డీ మీద మార్కర్‌తో గీత గీసి, చెప్పినంతసేపు ఆగి గీత ఎంత జరిగిందో కొలవండి. నూనె వేడిగా ఉన్నప్పుడు ఈ పరీక్ష చేస్తే, అది చల్లబడి ఘనపరిమాణం తగ్గడం వల్ల కూడా కొంత కిందికి దిగుతుంది. దాన్ని లీకుగా పొరబడి మంచి సిలిండర్‌ని విప్పేయడం జరుగుతుంటుంది. నూనె బయటి ఉష్ణోగ్రతకు వచ్చాకే కొలవండి.

బూమ్ మీద, ఛాసిస్ మీద తయారీదారు అనుమతి లేకుండా వెల్డింగ్ చేయకూడదు, రంధ్రం వేయకూడదు. బాస్కెట్‌కి పైపులు మోసే స్టాండ్ అతికించడం కూడా ఇందులోకే వస్తుంది. మరమ్మతు ఏదైనా పూర్తయ్యాక, ఆ భాగాన్ని మాత్రమే కాకుండా 4, 5 అంకెల కింద చెప్పిన పరీక్షలన్నీ మళ్లీ చేసి, ఆ తర్వాతే ట్యాగ్ తీయాలి. వైరింగ్ సరిచేసేటప్పుడు పక్క కనెక్టర్ వదులవడం చాలా మామూలు.

10. కాపాడే ఏర్పాటు

పైన మనిషి ఉన్నంతసేపూ కింద మరొకరు ఉండాలి. ఆ మనిషికి కింది కంట్రోళ్లు, అత్యవసర డౌన్ ఎక్కడున్నాయో చూపించడం చాలదు, తన చేత్తో ఒకసారి దింపించాలి. ఒక్కో కంపెనీ మెషిన్లో ఇవి ఒక్కో చోట ఉంటాయి, అద్దెకు తెచ్చిన కొత్త మెషిన్ అయితే మళ్లీ నేర్పాలి. హార్నెస్‌కి వేలాడుతున్న మనిషికి కాళ్లలో రక్తం నిలిచి నిమిషాల్లోనే స్పృహ తప్పవచ్చు. ఫైర్ సర్వీస్ వచ్చేదాకా ఆగుదామనే ప్లాన్ సరిపోదు.

11. షిఫ్ట్ అయ్యాక

పూర్తిగా దించి, మడిచి, తాళం తీసి, ఛార్జింగ్ పెట్టండి. పెట్టే ముందు ఇంకోసారి చుట్టూ తిరగండి. సాయంత్రం కనిపెట్టిన హోస్ లీకును రాత్రికి రాత్రే బాగుచేయించవచ్చు. అదే పొద్దున్నే కనిపెడితే కింద ఆరుగురు నిలబడి ఎదురుచూస్తుంటారు, "ఇవాళ్టికి కానిచ్చేద్దాం" అనే మాట అక్కడే పుడుతుంది. తాళం చెవి మెషిన్‌కే వదిలేయకుండా ఒక బాధ్యుడి దగ్గర పెట్టండి, శిక్షణ లేనివాళ్లు ఎక్కే అవకాశం చాలావరకు పోతుంది.